108 వచ్చేలోపు

ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఎటు చూసినా తేజ, వండర్‌హాట్ మిర్చి బస్తాలే. అప్పుడు నేను ఒక అడ్తి దుకాణంలో గుమస్తాను. ఆ పొద్దు ధర తేల్చే జెండా పాట అయిపోయి కాంటాలు నడుస్తున్నాయి. తన బస్తాల పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన ఉన్నట్టుండి కుప్పకూలిపోయాడు.

అందరూ ఉరికొచ్చారు. ఒకరు ముఖం మీద నీళ్లు చల్లారు. ఇంకొకరు చేతిలో తాళంచెవులు పెట్టారు. ఎవరో ఉల్లిగడ్డ కోసం పరుగెత్తారు. నోట్లో నీళ్లు పోయబోతుంటే ఒక హమాలీ పిల్లగాడు గుంపును తోసుకొచ్చాడు.

"నీళ్లు పొయ్యకుండ్రి! జర జరుగుండ్రి, గాలి రానియ్యుండ్రి."

భుజాలు తట్టి పిలిచాడు. ఉలుకూ పలుకూ లేదు. ఉండుండి ఒక ఎగశ్వాస తప్ప ఊపిరి ఆడటం లేదు. సూటిగా నన్నే చూసి, "అన్నా, నువ్వు 108కు కొట్టు" అన్నాడు. అట్లా ఒక్కరికి అప్పజెప్పకపోతే ఎవరో చేస్తారులే అని అందరం చూస్తూ నిలబడేవాళ్లమే.

రొమ్ము నడుమ అరచేతి మొదలు ఆనించి, దానిమీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా ఒత్తడం మొదలుపెట్టాడు. లోతు రెండు అంగుళాలు, వేగం నిమిషానికి 100 నుంచి 120. ఒత్తిన ప్రతిసారీ ఛాతీ మళ్లీ పూర్తిగా పైకి లేవనిచ్చాడు. పైకే లెక్కపెడుతున్నాడు. చెమటలు కారి చేతులు బరువెక్కితే పక్కనున్న హమాలీని కూర్చోబెట్టి, ఎట్లా ఒత్తాలో చూపించాడు. 108 వచ్చేదాకా ఆపలేదు. ఎంజీఎం ఆసుపత్రికి చేరిన ఆ పెద్దాయన బతికాడు. గుండె ఆగినప్పుడు ఒత్తేవాళ్లు లేకపోతే బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం తగ్గిపోతుందట. అంబులెన్స్ ఎంత తొందరగా వచ్చినా ముందు నిమిషాలు పక్కనున్నవాళ్లవే.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ ఇట్లాగే ఒకాయన ప్రాణం నిలబెట్టాడు. ఆ వీడియో అందరూ చూశారు. మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ఇట్లా ఛాతీ ఒత్తి ప్రాణం నిలిపే సీపీఆర్ శిక్షణ మొదలుపెట్టింది. మా హమాలీ పిల్లగాడు నేర్చుకున్నది ఆ శిక్షణలోనే. వేల మంది మసిలే ఇంత పెద్ద యార్డులో ఆ పొద్దు ఈ పని తెలిసి ముందుకొచ్చింది అతనొక్కడే. మిర్చి సీజన్‌కు ముందే హమాలీలకు, తూకం వేసే దడువాయిలకు, గుమస్తాలకు ఇది నేర్పించి తీరాలని అప్పుడూ అడిగాను, ఇప్పుడూ అడుగుతున్నాను.

ఆ సాయంత్రం ఆ పిల్లగాడే షెడ్డులో గోనె సంచులు మడతపెట్టి దొంతరగా పేర్చి, మాతో ఒత్తించాడు. మోచెయ్యి వంగినవాళ్లను తట్టి సరిచేశాడు. చాట కూలీ ఆడవాళ్లు "మాకెందుకు చెప్పవు కొడుకా?" అని నిలదీసి, వరుసలో ముందుకొచ్చి కూర్చున్నారు.