మామా, ఒక డౌటు!

మిర్యాలగూడ నుంచి దామరచర్ల మీదుగా వాడపల్లి ఎప్పుడైనా పోయారా? మూసీ వచ్చి కృష్ణలో కలిసేది అక్కడే. పోయి ఉంటే లక్ష్మీనరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపాలు చూసే ఉంటారు. స్వామి ముఖం ఎత్తున ఉన్న దీపం రెపరెపలాడుతుంది, పాదాల దగ్గరిది కదలకుండా నిలబడుతుంది. పైది స్వామి ఊపిరి తగిలి కదులుతుందని తరతరాల నమ్మకం.

కోదాడలో ఉండే మా చెల్లెలి కొడుకును ఒకసారి అక్కడికి తీసుకుపోయాను. వాడు సూర్యాపేటలో ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. బుద్ధిగా దండం పెట్టుకున్నాడు, తీర్థం పుచ్చుకున్నాడు, బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ మొదలుపెట్టాడు.

"మామా, ఒక డౌటు. లోపల ఉక్కగా ఉంది కదా. వేడిగాలి పైకి పోతది. అందుకే పైన గాలి కదులుతదా? మరి ఆ రెండు దీపాలూ అటుదిటు మార్చి పెడితే ఏది ఊగుతది?"

పక్కనే చెప్పులు వెతుక్కుంటున్న ఒక పెద్దావిడ విన్నది. "గట్ల అనొద్దు బిడ్డా, కండ్లు పోతయ్" అన్నది. వాడు వెంటనే లెంపలేసుకున్నాడు. నాలుగడుగులు వేశాక నా చెవిలో గొణిగాడు: "దీపాలు ముట్టుకునే పనే లేదు మామా. పూజారి గారు అగరుబత్తి వెలిగిస్తరు కదా, ఆ పొగ ఎటు పోతదో చూస్తే చాలు."

మీరేమంటారో గానీ, నాకు ఆ పొగ మాట తెగ నచ్చింది. ముందు ఒక ఊహ, దాన్ని తేల్చుకోవడానికి ఒక ఉపాయం, అది వద్దంటే ఎవరినీ నొప్పించని ఇంకో ఉపాయం. కాలేజీ ల్యాబులో పాత రికార్డు ముందు పెట్టుకుని రీడింగులు దించేసుకునే పిల్లలకు ఈ మూడూ ఎదురుపడవు. స్వామి ఊపిరి మీద భక్తి ఉన్నవాళ్ల భక్తికి దీనివల్ల వచ్చిన నష్టమూ లేదు. వాడు తర్వాత కూడా అక్కడికి పోతే దండమే పెడతాడు.

ఇక ఎండాకాలం సూర్యాపేట, కోదాడల మధ్య హైవే మీద నీళ్లు కనిపించే సంగతి అడగబోయాను. "అది ఎండమావి మామా, పుస్తకంలోనే ఉంది" అని కొట్టిపారేశాడు. పుస్తకంలో ఉన్నదాని మీద వాడికి అంత మోజు లేదు.

అసలు కథ పానగల్లుది. నల్లగొండను ఆనుకునే ఉంటుంది, కందూరు చోడుల కాలపు ఛాయా సోమేశ్వరాలయం. ఒకే మండపానికి మూడు గర్భగుళ్లు. ఒకదానిలో లింగం వెనక గోడ మీద స్తంభం లాంటి నీడ పడుతుంది. పొద్దున చూసినా సాయంత్రం చూసినా అది అక్కడే ఉంటుంది. సూర్యుడు నడుస్తుంటే నీడ నడవకపోవడమేమిటి? ఊరికే పేరు రాలేదు ఆ స్వామికి.

ఇది డిఫ్రాక్షన్ అని, అంటే వెలుగు అంచుల దగ్గర వంగడం వల్ల ఇలా జరుగుతుందని పేపర్లలో వచ్చింది. మావాడు అది చదివి మూతి విరిచాడు. పానగల్లు చూసి వస్తుంటే, తిరుగు బస్సులో టికెట్టు తిప్పి, దాని వెనక లెక్క మొదలుపెట్టాడు. ఫిజిక్సులో ఫ్రెనెల్ దూరం అని ఒకటుంది. సందు వెడల్పును వర్గం చేసి, తరంగదైర్ఘ్యంతో భాగించాలి. వచ్చినంత దూరం లోపల వెలుగు తిన్నగానే పోతుందని అనుకోవచ్చు, దాన్ని దాటితేనే వంపు లెక్కలోకి వస్తుంది. స్తంభాల మధ్య సందు ఒక మీటరు అనుకున్నాడు. వెలుగు తరంగదైర్ఘ్యం సుమారు అర మైక్రాను. భాగిస్తే 20 లక్షల మీటర్లు, అంటే 2,000 కిలోమీటర్లు!

"మామా, పానగల్లులో సందు పెడితే వెలుగు వంగిందని తెలియాలంటే గోడ శ్రీనగర్ల ఉండాలె" అన్నాడు. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు.

మరి నీడ ఎక్కడిది? నాకు సబబుగా తోచే జవాబు సాదాసీదాది. లింగం వెనక గోడ మీద ఎండ నేరుగా పడదు. ఆకాశం నుంచి, నేల మీద నుంచి చెదిరిన వెలుగు ఆ పక్క సందులోంచి కొంత, ఈ పక్క సందులోంచి కొంత లోపలికి వస్తుంది. రెండూ సరిగా అందని పట్టీ నీడగా మిగులుతుంది. దీపం స్థానంలో ఉన్నది సూర్యుడు కాదు, కదలని రాతి సందులు. అందుకే నీడా కదలదు. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ల కింద ఆ స్తంభాలను నిలబెట్టిన శిల్పి తరంగదైర్ఘ్యం మాట విని ఉండడు. ఏ రాయి ఎక్కడ పెడితే వెలుగు ఎక్కడ ఆగుతుందో మాత్రం వాడికి తెలుసు.

ప్రశ్నల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. కోదాడ దాటి విజయవాడ దారిన పోతే గంటలోపే నందిగామ వస్తుంది. గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావు చిన్నప్పుడు చదివిన ఊళ్లలో అదొకటి. 1920లో పుట్టిన ఈయన ఇరవై నాలుగేళ్లైనా నిండకముందే కలకత్తాలో పాఠం చెబుతున్నారు. పెద్ద నమూనాలకు ఫిషర్ అనే శాస్త్రవేత్త చెప్పిన ఒక ఫలితాన్ని వివరిస్తుంటే దాండేకర్ అనే విద్యార్థి లేచి, చిన్న నమూనాలకు కూడా ఇలాంటిది రుజువు చేయొచ్చా అని అడిగాడు. రావు గారు ఇంటికి పోయి ఆ రాత్రి కూర్చుని సాధించి, మర్నాడు క్లాసులో చెప్పేశారు. 1945లో అచ్చయింది. ఎంత తెలివిగా అంచనా కట్టినా, పక్షపాతం లేని అంచనాలో చెదురు ఒక హద్దు కంటే తగ్గదని చెప్పే సూత్రం అది. లోకమంతా క్రామర్-రావు అని పిలుస్తుంది. ప్రశ్న అడిగిన దాండేకర్ తర్వాత పేరుమోసిన ఆర్థికవేత్త అయ్యారు.

ఇప్పుడు మన పిల్లల సంగతి చూడండి. ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రశ్నకు 67.5 సెకన్లు. పరీక్షను తిట్టడం లేదు, ఇంత మందిని వడబోయడానికి ఏదో ఒకటి ఉండాలి. అయితే ఆ వేగం రెండేళ్ల ముందే క్లాసులోకి దూరితే, దాండేకర్ లాంటివాడు లేచినా "కూర్చో, అది సిలబస్‌లో లేదు" అనే వినిపిస్తుంది. అది నాకు అస్సలు నచ్చని సంగతి.

ఈసారి సెలవు దొరికితే పిల్లల్ని పానగల్లు తీసుకుపోండి. పొద్దున ఒకసారి, మూడు దాటాక ఒకసారి చూడండి. పూజారి గారిని అడిగి, సందుల వెడల్పు టేపుతో కొలవండి. మావాడి మీటరు అంచనా మాత్రమే. మీకు వేరే అంకె వస్తే నాకు రాయండి, వాడికి చూపిస్తాను.