బాంకాకులో నూట యెనిమిది పాత్రలు

బరంపురం నుంచి కలకత్తా మీదుగా బాంకాకు చేరాము, మేమూ, మా ఆఫీసు మిత్రుడూ. వీధులలో వాహనాల రద్దీ చూచి బెదిరి, చావోఫ్రయా నదిమీది పడవలనే నమ్ముకొన్నాము. వాట్ ఫో ఆలయంలో పవళించిన బుద్ధుడు 46 మీటర్ల పొడవు. పాదాలలో ముత్యపుచిప్పలతో పొదిగిన 108 శుభచిహ్నాలు! గోడవెంట 108 కంచుపాత్రలు. ఒక్కొక్కదానిలో ఒక్కొక్క నాణెం వేయాలి. ఆవలి యొడ్డున వాట్ అరుణ్ (మన సూర్యసారథి పేరే) మూసివేస్తారని మేము తొందరపెట్టాము. మిత్రుడు కదలలేదు. ఈ ప్రయాణానికి డబ్బు కూడబెట్టింది ఆయన ఇల్లాలు. నిరుడే ఆవిడ పోయారు. సగంలో ఆయన చిల్లర అయిపోతే మా జేబులోది ఇచ్చాము. చివరి పాత్ర మ్రోగేసరికి ప్రొద్దు వాలింది. అరుణ్ గోపురాన్ని ఈవలి యొడ్డునుంచే చూచాము.