అమ్మ సీటు

మీ ఇంట్లో పెళ్లికో పుట్టినరోజుకో పాత డబుల్ డెక్కర్ బస్సు అద్దెకు తీసుకుంటున్నారా? అయితే నా మాట కొంచెం వినండి.

మా అమ్మ ఎనభయ్యో పుట్టినరోజుకు ఇక్కడ డర్బన్‌లో మా పిల్లలు అలాంటి బస్సే మాట్లాడారు. బాగుచేసి, కొత్త రంగు వేసిన బస్సు. ఫోటో చూపిస్తే అమ్మ నవ్వలేదు. "నేనెక్కడ కూర్చోవాలి?" అని అడిగింది.

పిల్లలకు అర్థం కాలేదు. 1960లలో అమ్మ బట్టల ఫ్యాక్టరీలో పని చేసేది. వర్ణవివక్ష కాలం అది. సిటీ బస్సులో మనవాళ్లు మెట్లెక్కి, పైన వెనక సీట్లలోనే కూర్చోవాలి. ఆ సీట్లు నిండితే, ముందు ఖాళీ ఉన్నా అమ్మ నడిచే ఇంటికి వచ్చేదట. ఈ చరిత్రను నేను బడిలో ఎన్నో ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. ఇంట్లో అమ్మను మాత్రం ఒక్కసారీ అడగలేదు.

ఆ రోజు అమ్మ పట్టుచీర కట్టుకుని, కింద మొదటి సీట్లో కూర్చుంది. పైనుంచి సముద్రం బాగా కనిపిస్తుందని మనవలు పిలిచారు. "నేను చాలాసార్లు చూశాను. మీరు చూడండి" అంది. దారంతా కిటికీ పక్కనుంచి కదలలేదు.

మీరూ తప్పకుండా తీసుకోండి. బస్సు సుమారు 14 అడుగుల ఎత్తు ఉంటుంది, దారిలో చెట్టుకొమ్మలు చూసుకోండి. మెట్లు ఇరుకు, పిల్లలు జాగ్రత్త. అన్నిటికంటే ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, ఏ సీటు కావాలో.