ముప్పై రెండు మెట్లు

పొంతన లేని మాట ఎవరైనా ఆడితే ‘బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టినట్లున్నది’ అని మన పెద్దలు పరిహసిస్తారు. సాగుతున్న పనికి అడ్డు తగిలేవానిని ‘మోకాలడ్డుతున్నాడు’ అని నిందిస్తారు. ఈ రెండు జాతీయాలనూ 1995 నుండి ఏటేటా తరగతిలో విశదీకరిస్తూ వచ్చిన నాకు, నా మోకాలే ఒకనాడు నాకు అడ్డుపడగలదని ఎన్నడూ తోచలేదు. ఆ అడ్డంకి వల్ల నేను తెలుసుకొన్నదానిని విద్యార్థులకూ, కళాశాల కార్యవర్గపు పెద్దలకూ విన్నవించుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

తొలుత మెట్లు దిగేటప్పుడు మాత్రమే కుడి మోకాలు నొచ్చేది. క్రమంగా బస్సు ఎక్కేటప్పుడు, నేలమీద భోజనానికి కూర్చొని లేచేటప్పుడు, చివరకు రాత్రి పక్కమీద ఒత్తిగిలేటప్పుడు సైతం బాధ మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. బల్లకు ఆనుకొని పాఠం చెప్పడం నా శైలి అని విద్యార్థులు భావించారు. అది శైలి కాదు, నిలువలేనితనం. తైలాలు మర్దించుకొన్నాను, పట్టీలు బిగించుకొన్నాను, వైద్యుని అడగకుండానే నొప్పి మాత్రలు మ్రింగాను. ఎందుకు కుంటుతున్నారని ఎవరైనా అడిగితే చెప్పు కరిచిందనేవాడిని. అలా ఆరేళ్ళు గడిచాయి. ఆరేళ్ళపాటు ఏ చెప్పూ కరవదు గదా!

2023 వేసవి సెలవులలో మా అమ్మాయి బలవంతం మీద హైదరాబాదు వెళ్ళి ఎముకల వైద్యునికి చూపించుకొన్నాను. ఆయన ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తిపట్టి వివరించాడు. తొడ ఎముకా, కాలి ఎముకా కలిసే చోట వాటి కొసలను నున్నని మృదులాస్థి కప్పి ఉంటుంది. ‘గుజ్జు అరిగింది’ అని మనవాళ్ళు అంటారే, నిజానికి అరిగేది ఈ పొరయే. చదునైన నేలపై నడిచేటప్పుడే మోకాలిపై శరీరపు బరువుకు రెండు మూడు రెట్ల భారం పడుతుంది. మెట్లమీద అది ఇంకా అధికం. నా మోకాలిలో లోపలివైపు ఆ పొర పూర్తిగా పోయి ఎముకపై ఎముక ఆని ఉన్నది. ‘ఇంతకాలం ఎలా నడిచారండీ?’ అని వైద్యుడు అడిగాడు. అబద్ధాల ఊతంతో నడిచానని చెప్పలేక తల వంచుకొన్నాను.

అరిగిన కీలును మార్చాలన్న ఆలోచన నేటిది కాదు. 1890లోనే బెర్లిన్ నగరంలో గ్లుక్ అనే శస్త్రవైద్యుడు ఏనుగు దంతంతో చేసిన కీలును మోకాలిలో అమర్చి చూశాడు. ఆ ప్రయత్నం ఫలించలేదు. 1974లో న్యూయార్కులో ఇన్సాల్, ఆయన సహచరులు ప్రవేశపెట్టిన నమూనా నేటి కృత్రిమ కీళ్ళకు త్రోవ చూపింది. నాకు అమర్చినది కోబాల్టు, క్రోమియం కలిసిన మిశ్రలోహం, దాని నడుమ గట్టి ప్లాస్టిక్ పలక. 2017 ఆగస్టులో ప్రభుత్వం ఈ కీళ్ళకు గరిష్ఠ ధర నిర్ణయించడంతో నావంటి ఉపాధ్యాయునికి ఆ ఖర్చు కొంత అందుబాటులోకి వచ్చింది. శస్త్రచికిత్స రెండు గంటలలో ముగిసింది. అసలు కష్టం ఆ తరువాతనే ఉన్నదని అప్పటికి నాకు తెలియదు.

మరునాడే వాకరు చేతికిచ్చి నిలబెట్టారు. వ్యాయామాలు చేయించడానికి వచ్చిన ఫిజియోథెరపిస్టు మా అమ్మాయికంటె చిన్నది. బడిపిల్లల కోణమానిని వంటి సాధనంతో నా మోకాలు ఎంత వంగుతున్నదో కొలిచి పుస్తకంలో వ్రాసుకొనేది. ఇన్నేళ్ళూ మార్కులు వేసిన నాకు ఇప్పుడు ప్రతిదినమూ మార్కులు పడసాగాయి. మోకాలి కింద దిండు పెట్టుకొంటే ఎంతో హాయిగా ఉండేది. ఆ అమ్మాయి దానిని లాగి మడమ కింద పెట్టింది. వంగిన కాలికి ఆ హాయి అలవాటైతే, కాలు మళ్ళీ నిటారుగా చాచుకోదట. పాదాన్ని గంట గంటకూ పైకీ కిందికీ ఆడించమన్నది. కాలిలో రక్తం గడ్డకట్టకుండా ఉండడానికి. తొడ కండరాన్ని బిగించి, అయిదు లెక్కపెట్టి, వదలమన్నది. చూచేవారికి ఇవి పిల్లల ఆటల వలె ఉంటాయి. చేసేవారికి కన్నీళ్ళు వస్తాయి.

మూడవ వారంలో నా మోకాలు ఎనభై డిగ్రీల వద్ద ఆగిపోయింది. తొంభై దాటితేనే కుర్చీలో కుదురుగా కూర్చోవడం, మెట్లు ఎక్కడం సాధ్యమవుతుంది. పదిరోజులు ప్రయత్నించినా అంగుళం కదలలేదు. ఇక నావల్ల కాదన్నాను. ఆ అమ్మాయి కోప్పడలేదు. ‘అంకుల్, మీ క్లాసులో ఒక పిల్లవాడు పదిరోజులు చదివి, రావడంలేదు, మానేస్తానంటే మీరేమంటారు?’ అని మాత్రం అడిగింది. ఏమంటానో నాకు బాగా తెలుసు, వేయిసార్లు అన్నాను. మర్నాడు మారు మాట్లాడకుండా కాలు చాచాను. నాలుగవ దినాన ఎనభై అయిదు వచ్చింది. మూడు నెలలకు నూటపదిహేను.

సెప్టెంబరులో కళాశాలకు తిరిగి వచ్చాను. నా తరగతి పై అంతస్తులో. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషను కాలు ముందు, చేతికర్ర మంచికాలి వైపు చేతిలో అని నేర్చుకొన్న పాఠాన్ని వల్లించుకొంటూ బయలుదేరాను. ఇన్నేళ్ళలో లేనిది, ఆనాడు మెట్లు లెక్కపెట్టాను. ముప్పై రెండు. పట్టుకోవడానికి కమ్మీ లేదు. మలుపువద్ద ఆగి, గోడకు చేయి ఆనించి ఊపిరి తీసుకొని తరగతికి చేరేసరికి అయిదు నిమిషాలు ఆలస్యమైంది. విద్యార్థులందరూ లేచి నిలబడ్డారు. ఎవరూ ఏమీ అనలేదు.

ఆ నిశ్శబ్దంలో నాకు హఠాత్తుగా ఒక విద్యార్థి జ్ఞాపకం వచ్చాడు. 1998లో అతడు నా తరగతిలో ఉండేవాడు. చిన్ననాడు పోలియో సోకిన కాలికి ఇనుప పట్టాల బూటు తొడుక్కొని వచ్చేవాడు. రోజూ అయిదు నిమిషాలు ఆలస్యం. ఒకనాడు అందరి ఎదుటా ‘ఆలస్యం అమృతం విషం’ అని మందలించాను. అతడు బదులు చెప్పలేదు. మరుసటి దినం నుండి గంట కొట్టేసరికే తన చోట కూర్చొని ఉండేవాడు. నా మందలింపు ఫలించిందని సంతోషించి, మిగిలినవారికి అతనిని ఆదర్శంగా కూడా చూపాను.

అతడిప్పుడు ఒక బ్యాంకులో ఉద్యోగి. నంబరు సంపాదించి ఆ సాయంత్రమే ఫోను చేశాను. కుశలప్రశ్నలయ్యాక, ఆ రోజులలో మెట్లు ఎలా ఎక్కేవాడివి నాయనా అని అడిగాను. అతడు నవ్వాడు. ‘ముప్పై రెండు సార్. మలుపు దాటగానే వచ్చేది మిగిలినవాటికంటె కాస్త ఎత్తు. అరగంట ముందు వచ్చి ఎక్కేవాడిని. అప్పుడైతే ఎవరూ చూడరు గదా’ అన్నాడు. క్షమించమని అడిగాను. ‘మీరు తిట్టింది నాకు గుర్తే లేదు సార్’ అన్నాడు. మెట్ల సంఖ్య గుర్తున్నవానికి ఆ మాట గుర్తులేదంటే నేను నమ్మలేదు. అది అతని సంస్కారం.

ఒక వారం తిరగకుండానే నా తరగతిని కింది అంతస్తుకు మార్చారు. కృతజ్ఞుడను. కాని ఒక అధ్యాపకునికి వారంలో జరిగిన ఉపకారం ఆ విద్యార్థికి మూడేళ్ళలో జరగలేదు. జరపమని అడిగినవారు లేరు. అడగవలసినవారిలో మొదటివాడిని నేను.

2024 మార్చిలో కళాశాలలో ఇఫ్తార్ విందు జరిగింది. ఏటా మేమందరమూ దస్తర్‌ఖాన్ చుట్టూ నేలపై కూర్చొనేవాళ్ళం. నాకు నేలపై కూర్చోవడం ఇక కుదరదు. ఒక కుర్చీ వేశారు. అందరికంటె ఎత్తున ఒంటరిగా కూర్చొని సిగ్గుతో కుంచించుకుపోతుండగా, మా ఉర్దూ శాఖలోని పెద్దాయన మరొక కుర్చీ తెప్పించుకొని నా పక్కన కూర్చొన్నారు. ‘భాయీ, రెండేళ్ళుగా నేను ఇంట్లో కుర్చీలోనే నమాజు చేస్తున్నాను. నలుగురిలో మాత్రం నేలమీద కూర్చొని, రాత్రంతా నిద్రలేక బాధపడుతున్నాను. ఈరోజు మీ పుణ్యమా అని ధైర్యం వచ్చింది’ అన్నారు. ఆరేళ్ళు నేను నొప్పి దాచాను. నా పక్క గదిలో ఆయన దాచారు. మాకంటె ముందు ఆ విద్యార్థి దాచాడు.

నా ఎడమ మోకాలు కూడా అరుగుతున్నది. ఈసారి దాచడంలేదు. ఒక కిలో బరువు తగ్గితే అడుగడుగునా మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని తెలిసి భోజనం తగ్గించాను. తొడ కండరాల వ్యాయామం మానలేదు. ఆటస్థలంలో మోకాలు బెణికినప్పుడు పట్టీ కట్టుకొని మరల ఆటకు దిగే యువకులకు నా మనవి: నొప్పిని దాచడం పౌరుషం కాదు.

కార్యవర్గపు పెద్దలకు మరొక మనవి. విద్యాసంస్థల భవనాలు వికలాంగులకు సుగమంగా ఉండాలని 2016 నాటి చట్టం చెబుతున్నది. మెట్లకు ఇరువైపులా కమ్మీలూ, ముఖద్వారం వద్ద వాలుబాటా ఏర్పాటు చేయాలనీ, నడవలేని విద్యార్థి ఉన్న తరగతిని కింది అంతస్తులోనే నడపాలనీ కోరుతూ ఒక విజ్ఞప్తి వ్రాసి గ్రంథాలయంలో ఉంచాను. మొదటి సంతకం నాది. రెండవది మా ఉర్దూ శాఖ పెద్దాయనది. మూడవ సంతకం చేయడానికి ఆ పూర్వ విద్యార్థి వచ్చే ఆదివారం తానే వస్తానన్నాడు. గ్రంథాలయం కింది అంతస్తులోనే ఉన్నదని అతనికి ముందుగానే చెప్పాను.