గుగ్గిలం చెట్టు

గుగ్గిలమంటే మనకి చప్పున తోచేది పొగ. దేవుడి దగ్గర, బాలింత గదిలో, దోమలెక్కువైతే పశువుల శాలలో నిప్పుల మీద వేస్తాం. మా ఇంట్లో అది మందు కూడా. ఉభాల రోజుల్లో బురదలో నానీ నానీ మా నాన్న మడమలు పగిలి నెత్తురు కారేవి. నాయనమ్మ గుగ్గిలం మెత్తగా నూరి, నువ్వులనూనెలో కరిగించి, చల్లార్చి పట్టించేది. నాలుగు రోజులకి నాన్న మళ్ళీ మడిలో దిగేవాడు. మా ఎకరంన్నర సేద్యం నడిచింది ఆ కాళ్ళ మీదే.

"నీళ్ళలో కలపొచ్చు కదా?" అంటే "కలవదురా" అనేది నాయనమ్మ. ఎందుకు కలవదో కాలేజీకొచ్చాక తెలిసింది. తుమ్మబంక చక్కెరల కుటుంబానిది, నీటిలో కరుగుతుంది. గుగ్గిలం రెజిన్, నీటికి లొంగదు, నూనెకి లొంగుతుంది. పడవ చెక్కల సందుల్లోంచి నీరు రాకుండా గుగ్గిలం, నూనె కలిపి కాచి పూసేది అందుకే. మా నాన్న మడమకీ పడవకీ ఒకటే వైద్యమన్నమాట!

ఈ గుగ్గిలమిచ్చేది సాల వృక్షం. శాస్త్రనామం షోరియా రోబస్టా. 1793 నుంచి 1798 దాకా గవర్నర్ జనరల్‌గా ఉన్న సర్ జాన్ షోర్ పేరే షోరియా అయింది. మన శ్రీకాకుళం ఉత్తరపు కొండల్లోనూ ఉంది. ఒడిశా, మధ్యప్రదేశ్ అడవుల్లోనూ, హిమాలయాల పాదాల దగ్గరా విస్తారంగా ఉంది. దాని కలప రైలు పట్టాల కింద స్లీపర్లయింది. ఆకులు విస్తళ్ళవుతాయి, గింజల కొవ్వు సబ్బులకి పోతుంది.

అయితే చెట్టు గుగ్గిలాన్ని తయారుచేసుకునేది తన కోసం. కాండాన్ని తొలిచే పెంకుపురుగు ఒకటి దీనికి శత్రువు. చెట్టు బలంగా ఉంటే లోపలికి దూరిన పిల్లపురుగులు ఆ జిగురులోనే మునిగి చస్తాయి. చెట్టు నీరసిస్తే పురుగుదే పైచేయి. 1990ల చివర్లో మధ్యప్రదేశ్ సాల అడవులు ఈ పురుగు వల్ల బాగా దెబ్బతిన్నాయి. తెగిన బెరడు రసం వాసనకే ఆ పురుగు వస్తుంది. అటవీ శాఖవారు పచ్చి దుంగల్ని చితక్కొట్టి ఎరగా పెట్టి పట్టేదీ ఆ కిటుకుతోనే. అంటే, ఇష్టమొచ్చినట్టు గాట్లు పెడితే చెట్టు మందు మనం లాక్కుని, శత్రువుని కూడా పిలిచినట్టే.

పాలు పితికేటప్పుడు ఏ రైతయినా దూడకని ఒక చన్ను వదులుతాడు. గుగ్గిలం చెట్టు దగ్గరా అదే న్యాయం.