పాత బండికి కొత్త గొంతు

పాత బండి మీద మోజుపడేవాళ్లు ముందు చూసేది రంగు. తర్వాత టైర్లు. సైలెన్సర్ సంగతి ఎవరికీ పట్టదు... అది ఊడి రోడ్డు మీద ఈడ్చుకుంటూ వచ్చేదాకా!

బెల్లంపల్లిలో ఓ రిటైర్డ్ గని కార్మికుడికీ అదే అనుభవం. ఆయన దగ్గరున్నది మహీంద్రా ఎఫ్‌సీ పికప్. ఎఫ్‌సీ అంటే ఫార్వర్డ్ కంట్రోల్. చప్పిడి ముక్కుతో చిన్న బస్సు మొహంలా ఉంటుంది. అమెరికాలో విల్లీస్ కంపెనీ 1956 చివర్లో తెచ్చిన నమూనా అది. మహీంద్రా వాళ్లు 1960లలో ఇక్కడ తయారు చేయడం మొదలుపెట్టారు. దీని ఇంజిన్ ముందు బానెట్ కింద ఉండదు. డ్రైవరుకూ పక్క సీటుకూ మధ్య, రేకు మూత కింద ఉంటుంది. ఎండాకాలం ఆ సీట్లో కూర్చోవడమంటే పొయ్యి పక్కన కూర్చోవడమే.

అసలు భయం వేడి కాదు. మానిఫోల్డు దగ్గర ప్యాకింగ్ కాలిపోతే పొగ సరాసరి క్యాబిన్‌లోకి వస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగుండదు, వాసనుండదు. మొదట తలనొప్పి, ఆపైన మగత, ఆ తర్వాత మెలకువే రాకపోవచ్చు. బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకున్నప్పుడు గనిలో పుట్టేదీ ఈ వాయువే. దాన్ని పసిగట్టడానికే ఒకప్పుడు బ్రిటన్ గనుల్లోకి కెనరీ పిట్టల్ని వెంట తీసుకెళ్లేవారు. ఇన్నేళ్లు భూగర్భంలో పనిచేసిన మనిషికి ఈ సంగతి ఒకరు చెప్పాలా!

'సప్పుడు బజారంత మోగాలె బాపూ' అన్నాడు కొడుకు.

'మోగుడు తర్వాత బిడ్డా. ముందు లోపటికి పొగ రావద్దు' అన్నాడాయన.

అందుకే డబ్బు ముందు మానిఫోల్డుకే పోయింది. అది పోత ఇనుము. పగిలితే మామూలు వెల్డింగ్ నిలవదు, పక్కనే మళ్లీ చీలుతుంది. పగుళ్లు లేకున్నా ముఖం వంకర తిరిగి ఉంటే కొత్త ప్యాకింగ్ వేసినా లాభం లేదు. లేత్ షాపులో చదును చేయించాల్సిందే.

ఇక పైపు. మామూలు ఇనుప పైపు చవక. కానీ దాన్ని తుప్పు లోపలినుంచి తింటుంది. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లకు సరిపడా ఆవిరి పుడుతుంది మరి! దూరాలు తిరిగే బండిలో అది బయటికి పోతుంది. బజారుదాకా వెళ్లొచ్చే బండిలో సైలెన్సర్ అడుగున చేరి కూర్చుంటుంది. కొన్ని సైలెన్సర్ల అడుగున ఉండే సన్నటి రంధ్రం ఆ నీళ్లు కారడానికే. చిల్లు పడిందనుకుని దానికి వెల్డింగ్ పెట్టించే మహానుభావులూ ఉన్నారు.

స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకం ఖరీదెక్కువ, మెరుపెక్కువ. 409 రకం కాస్త చవక. పైకి గోధుమ రంగు తిరిగినా తొందరగా తినేయదు. అయితే 409కి అయస్కాంతం అంటుకుంటుంది, మామూలు ఇనుముకూ అంటుకుంటుంది. అందుకని షాపువాడి మాట ఒక్కటే నమ్మకుండా బిల్లు మీద రకం రాయించుకోవాలి. ఆయన సైలెన్సర్ 409లో, వెనక పైపు మామూలు ఇనుములో ఎంచుకున్నాడు. వెనక పైపు పోతే ఊళ్లోనే మార్చుకోవచ్చని లెక్క.

లావు పైపు వేస్తే బలం పెరుగుతుందన్నది కుర్రాళ్ల నమ్మకం. 2.2 లీటర్ల పాత పెట్రోలు ఇంజిన్‌కు దానివల్ల పెరిగేది చప్పుడే. పాత కొలతే చాలు. వంపుల దగ్గర మాత్రం పైపు నొక్కుకుపోకూడదు. ఇసుక దట్టించి, వేడిచేసి వంచే పాతకాలపు పనివాడు దొరికితే అదృష్టమే. పెట్రోలు పైపుకు కనీసం 35 మిల్లీమీటర్ల దూరం ఉండాలని 1989 నాటి మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. వేలాడదీసే చోట రబ్బరే వాడాలి. ఇంజిన్ ఊగుతుంది కదా, ఇనుప పట్టీతో బిగిస్తే జాయింటు విరుగుతుంది.

అన్నీ బిగించాక, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, వెనక గొట్టానికి తడిగుడ్డ ఒక్క క్షణం అడ్డం పెట్టారు. ఎక్కడైనా బుస్సుమంటే అక్కడ లీకున్నట్టు. మానిఫోల్డు దగ్గర సద్దు లేదు. సైలెన్సర్ క్లాంపు దగ్గర మాత్రం సన్నగా వినిపించింది. బోల్టు ఇంకో చుట్టు తిప్పితే అదీ ఆగింది. కొడుకే పెదవి విరిచాడు... ఇంజిన్ నడుస్తున్నట్టే లేదట!