మారుచక్రపు తావు

బండి కొనునపుడు బలమును, రంగును విచారింతుము గాని మారుచక్రమెచ్చట నున్నదని యడుగువారరుదు. 1904వ సంవత్సరమున వేల్సు దేశమందలి లనెల్లి పట్టణమున, స్టెప్నీ వీథిలో డేవిస్ సోదరులు మోటారుబండ్లకు మారుచక్రమును కల్పించిరి. ఆ వీథి పేరే నేటికిని మన నోళ్ల స్టెప్నీయై నిలిచినది.

మా మరిదిగారు కూరగాయలు తోలు పికప్ బండికి దానినెచ్చట నమర్చవలెనని మా యింట చర్చ జరిగినది. తొట్టిలో పడవైచినచో బస్తాల క్రింద బడును. తొట్టి క్రింద వ్రేలాడదీసినచో సరకునకు తావు మిగులును. కాని బురద చేరి గొలుసు త్రుప్పుపట్టును, వెనుకచక్రమున గాలి పోయి బండి క్రుంగినపుడు వెలికి దీయుట కష్టము. క్యాబిను వెనుక, ప్రక్క యంచున, బయటినుండి చేయందునట్లు నిలువుగా బిగించినచో రెండు బుట్టల తావు పోవును. సరకు మాత్రము దింపనక్కరలేదు. దొంగలకును చేయందును గనుక తాళము వేయవలయును.

అర్ధరాత్రమున బాటపై నొంటరిగా నిలుచు మనవానికి రెండు బుట్టల లాభమెంత? నేనీ మూడవ తావునే కోరితిని. నెలకొకమారు దానియందు గాలి యున్నదో లేదో చూడుమనియు చెప్పితిని. రథచక్రము క్రుంగినవేళ కర్ణునకు నేర్చిన యస్త్రము స్ఫురింపలేదు గదా! వేళకందినదియే మన సొత్తు.